రెక్కలు రాకముందే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మిడతల గురించే. అందుకని మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకి వాయిదా వేసి, ఈ శీర్షికంతా వాటికే ఇచ్చేశాను. ఒకే ప్రశ్న పదిమంది అడిగినచోట, వివరంగా రాసిన ఉత్తరం ఒక్కటే తీసుకున్నాను.

ప్రశ్న: పెరట్లో చిక్కుడు, బెండ, తోటకూర వేశాను. నెల కిందట ఆకుల అంచులు అక్కడక్కడా కొరికినట్టు కనిపించినా పట్టించుకోలేదు. ఇప్పుడు తోటకూరకి ఈనెలే మిగిలాయి. పురుగుమందు తెచ్చి రెండుసార్లు కొట్టాను. కొట్టిన రోజు ఒక్కటీ కనబడదు, మూడో రోజుకి మళ్లీ అన్నీ హాజరు. ఇంతకంటే ఘాటైన మందు ఏదైనా చెప్పండి మేడమ్. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మందు పేరు చెప్పడం లేదని కోపం తెచ్చుకోకు చెల్లెమ్మా. నీ ఉత్తరం మొత్తంలో నా కన్ను ఆగింది ‘నెల కిందట’ అన్న మాట దగ్గర. అసలు కథంతా ఆ నెలలోనే జరిగిపోయింది.

సీతాకోకచిలుకలాగా మిడతకి గూడు కట్టుకుని నిద్రపోయే దశ ఉండదు. గుడ్డులోంచి వచ్చే పిల్ల అచ్చం తల్లిలాగే ఉంటుంది, ఒక్క రెక్కలే ఉండవు. ఐదారుసార్లు కుబుసం విడుస్తూ పెరుగుతుంది. రెక్కలు పూర్తిగా రావడానికి వాతావరణాన్ని బట్టి ఐదారు వారాలు పడుతుంది. అప్పటిదాకా అది గెంతగలదే కానీ ఎగరలేదు. గుడ్లు పొదిగిన చోటికి పెద్ద దూరం పోదు. ఒళ్లు కూడా మెత్తన. మనం ఏం చేసినా పనిచేసేది ఆ ఐదారు వారాల్లోనే. నువ్వు మొదట చూసిన చిన్న చిన్న కొరుకుళ్లు ఆ పిల్లలవి.

ఇప్పుడు నీ తోటలో ఉన్నవి రెక్కలొచ్చినవి. మందు కొడుతుంటేనే లేచి గోడ అవతలికి పోతాయి. కొన్ని చచ్చినా, పక్క ఖాళీ స్థలంలోంచి కొత్తవి వచ్చి వాలతాయి. ఎంత ఘాటు మందు కొట్టినా ఇదే వరస. ఈలోగా చిక్కుడు పూల మీదికి వచ్చే తేనెటీగలు పోతాయి, మిడత పిల్లల్ని తినే సాలెపురుగులూ పోతాయి. కొట్టిన మందు డబ్బా మీద, ఎన్ని రోజుల తరువాత కోయవచ్చో రాసి ఉంటుంది. అది చదివి, ఆ గడువు దాటేదాకా తోటకూర ముట్టుకోకు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు చేయవలసింది చేత్తో ఏరడం. విసుగు పనే, కానీ పెరటి తోటకి ఇంతకంటే నమ్మకమైన పద్ధతి నేను చూడలేదు. మిడతకి సొంతంగా ఒంటి వేడి ఉండదు. పొద్దున మంచు ఆరకముందు దాని కాళ్లు బిగుసుకుని ఉంటాయి, ఎండ తగిలితే గానీ గెంతలేదు. సూర్యుడు పైకి రాకముందే తోటలోకి వెళ్లు. చిక్కుడు కాడ మీద అది వెనక కాళ్లు మడిచి అతుక్కుని ఉంటుంది. చెయ్యి దగ్గరకి తెస్తే గెంతదు, మెల్లగా పక్కకి జరుగుతూ కాడకి అవతలి వైపు దాక్కుంటుంది. నువ్వు అటు తిరిగితే అది ఇటు వస్తుంది. ఈ సంగతి తెలియక నేను చాలా రోజులు ఒక చేత్తో తంటాలు పడ్డాను. రెండు చేతులూ రెండు వైపుల నుంచి పెట్టాలి. పట్టుకోగానే నోట్లోంచి గోధుమరంగు రసం కక్కుతుంది. దానికి భయపడక్కర్లేదు, కడిగితే పోతుంది.

పట్టినవాటిని సబ్బు కలిపిన నీళ్ల బకెట్‌లో వెయ్యి. మామూలు నీళ్లయితే పైన తేలి, ఈది బయటపడతాయి. మిడత నోటితో ఊపిరి పీల్చదు. ఒంటి పక్కల రెండు వైపులా పదేసి సన్నని రంధ్రాలు ఉంటాయి, గాలి వాటిలోంచే పోతుంది. సబ్బు నీళ్లు ఒంటికి అంటుకుని ఆ రంధ్రాల్లోకి చేరతాయి. వారం రోజులు వరసగా ఇలా చేస్తే తేడా నీకే తెలుస్తుంది.

ఇంకొక్క మాట. ఆ పక్క స్థలంలో గడ్డి ఎత్తుగా పెరిగి ఉంటే, ఇప్పుడు ఒక్కసారిగా కోయించకు. ఒకసారి నేను ఆ తప్పు చేశాను. గోడ వెంట నడుమెత్తు గడ్డి ఉంటే, మిడతలకి అదే స్థావరమని ఒక్క పూటలో మొత్తం కోయించేశాను. సాయంత్రానికల్లా గడ్డిలో ఉన్నవన్నీ చిక్కుడు పందిరెక్కాయి. నాలుగు రోజుల్లో పందిరి కింద నిలబడితే పైన ఆకాశం కనిపించింది. మూడు నెలలు పెంచుకున్న పాదు అది, ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది. గడ్డి కోయవలసింది పిల్లలు పుట్టకముందు. లేదంటే తోటకి దగ్గర వైపు నుంచి మొదలుపెట్టి దూరంగా కోసుకుంటూ పోయి, అవతలి అంచున ఒక పట్టీ మాత్రం పచ్చగా వదిలెయ్యాలి. తినడానికి అక్కడ ఉంటే అవి అక్కడే ఉంటాయి.

ప్రశ్న: మేడ మీద ఇరవై కుండీలు పెంచుతున్నాను. పాత మట్టి తిరగేస్తుంటే వేరుశెనగ కాయంత మట్టి ఉండ ఒకటి దొరికింది. చిదిపితే లోపల పసుపుపచ్చ బియ్యపు గింజల్లాంటివి ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు ఉన్నాయి. ఇవేమిటి? మేడ మీదికి కూడా మిడతలు వచ్చి గుడ్లు పెడతాయా?

జవాబు: పెడతాయమ్మా. నీకు దొరికింది మిడత గుడ్ల సంచే అనిపిస్తోంది. తల్లి మిడత పొట్ట చివరి భాగాన్ని సాగదీసి మట్టిలోకి గుచ్చి, గుడ్లతో పాటు ఒక నురగ వదులుతుంది. ఆ నురగ మట్టితో కలిసి గట్టిపడి డొల్లలాగా అవుతుంది. రకాన్ని బట్టి ఒక్కో సంచిలో పది నుంచి వంద దాకా గుడ్లు ఉంటాయి. అంటే ఆ ఒక్క ఉండని చిదిపినందుకు ఎన్ని పొద్దుల ఏరుడు తప్పించుకున్నావో చూడు.

తల్లికి కావలసింది ఎవరూ కదపని, పైన ఏమీ కప్పని, కాస్త గట్టి నేల. పంట అయిపోయాక ఖాళీగా వదిలేసిన కుండీ, తోట గట్టు, కాలిబాట పక్క నేల దానికి ఇష్టం. గుడ్లు సాధారణంగా పైన రెండు మూడు అంగుళాల లోపే ఉంటాయి. అందుకే పంట తీసేశాక చేతిపారతో ఆ పై మట్టిని తిరగేసి నాలుగు రోజులు ఎండకి వదలాలి. బయటపడ్డ గుడ్లు ఎండిపోతాయి, చీమలూ పిట్టలూ కొన్నిటిని ఎత్తుకుపోతాయి. ఆ తరువాత ఖాళీ కుండీ మీద ఎండాకు మందంగా పరచి ఉంచు. తేమ, వెచ్చదనం కలిసినప్పుడు గుడ్లు పొదుగుతాయి కాబట్టి ఈ పని వానలకి ముందే అయిపోవాలి.

గుడ్ల మీద నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. ఉత్తర అమెరికాలో రాకీ పర్వత మిడత అని ఒకటి ఉండేది. 1870లలో ఆకాశాన్ని కమ్మేసేంత దండులుగా వచ్చి పొలాలు ఊడ్చేసింది. అలాంటిది 1902 తరువాత ప్రాణంతో ఒక్కటీ దొరకలేదు. ఏ మందూ దాన్ని తుడిచిపెట్టలేదు. అది గుడ్లు పెట్టే కొండ లోయల నేలల్ని వలస వచ్చిన రైతులు దున్ని సాగులోకి తేవడమే కారణమని శాస్త్రవేత్తలు ఎక్కువగా ఒప్పుకునే మాట. గాలిలో అంత బలమున్న పురుగు, మట్టిలో అంత బలహీనం. 

ఒక జాగ్రత్త. మట్టిలో విడివిడిగా, తెల్లగా, కోలగా, చిటికెనవేలి గోరంత గుడ్లు కనిపిస్తే అవి తొండవో బల్లివో అయి ఉంటాయి. వాటిని మళ్లీ మట్టితో కప్పెయ్యి. తొండ కంటే మంచి కాపలాదారు మిడతల మీద మనకి దొరకదు.

ప్రశ్న: వేపనూనె కొట్టిన మర్నాడు కూడా అదే ఆకు మీద మిడత హాయిగా కూర్చుని ఉంది. వేపనూనె అంతా వట్టి నమ్మకమే అంటున్నారు మావారు. నిజమేనా?

జవాబు: కూర్చుందని రాశావు. తిన్నదా అని చూశావా? ఆ ఆకు అంచులు ముందురోజులాగే ఉంటే వేప తన పని చేసినట్టే.

1959లో సూడాన్‌లో మిడతల దండు దిగినప్పుడు హైన్రిచ్ ష్ముటెరర్ అనే జర్మన్ కీటక శాస్త్రవేత్త అక్కడ ఉన్నాడు. చుట్టూ చెట్లన్నీ మోడులైనా వేపచెట్లు పచ్చగా నిలిచాయి. దగ్గరికి వెళ్లి చూస్తే మిడతలు వేప మీద కూడా వాలుతున్నాయి, కానీ తినకుండా లేచిపోతున్నాయి. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్ బృందం వేపగింజల ముద్ద కలిపిన నీళ్లు పైర్ల మీద చల్లి మిడతల నుంచి కాపాడింది. 1968లో ఆ గుణానికి మూలమైన పదార్థాన్ని వేరుచేసి అజాడిరాక్టిన్ అని పేరు పెట్టారు. దీని మొదటి పని తిండి మాన్పించడం, రెండోది కుబుసం విడవకుండా అడ్డుపడటం. రెక్కలొచ్చిన మిడత ఇక కుబుసం విడవదు కాబట్టి దాని మీద ఆ రెండో దెబ్బ పడదు. పిల్ల మిడతల మీద రెండూ పనిచేస్తాయి. ఇక్కడా సంగతి మళ్లీ వయసు దగ్గరికే వచ్చింది.

కొట్టే పద్ధతిలో చాలామంది పొరపాటు చేస్తున్నారు. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల నూనె చాలు. కానీ నూనెని ముందు కొంచెం సబ్బు ద్రావణంతో పాలలాగా అయ్యేదాకా గిలక్కొట్టి, ఆ తరువాతే నీళ్లు పోయాలి. లేకపోతే నూనె పైన తేలి, ఒక ఆకుకి అంతా, ఇంకో ఆకుకి సున్నా. ఎండలో కొట్టకూడదు. అజాడిరాక్టిన్ ఎండకి త్వరగా విరిగిపోతుంది, ఆకులు మాడే ప్రమాదమూ ఉంది. సాయంత్రం పూట, ఆకు అడుగున కూడా తడిసేలా కొట్టి, వారానికోసారి, వాన పడితే మళ్లీ కొట్టాలి. ముందు ఒక్క మొక్క మీద చూసుకుని రెండు రోజులు ఆగండి.

నా మటుకు నాకు నూనె కంటే వేపగింజల కషాయం మీదే గురి. లీటరుకి 50 గ్రాముల పప్పు దంచి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున పిండి, వడకట్టి, కొంచెం సబ్బు కలిపి ఆ సాయంత్రమే వాడెయ్యాలి. నిలవ పెడితే బలం పోతుంది. వెల్లుల్లి, మిరప కషాయాల గురించి కూడా చాలామంది అడిగారు. నా తోటలో సగం మళ్లకి కొట్టి, సగం వదిలి చూశాను. రెండు రోజులు తేడా ఉంది, ఒక జల్లు పడగానే అదీ పోయింది. 

ప్రశ్న: సన్నని దోమతెర కప్పితే దానికే చిల్లులు పెట్టాయి. పైగా చిల్లులు లేనిచోట కూడా లోపల పిల్ల మిడతలున్నాయి. ఎలా దూరాయి?

జవాబు: దూరలేదు తమ్ముడూ, లోపలే పుట్టాయి. తెర కప్పకముందే ఆ మట్టిలో గుడ్లున్నాయి. ఏ తెరైనా మట్టి తిరగేసి, నారు నాటిన రోజునే కప్పాలి. పలచని గుడ్డనీ నైలాన్‌నీ పెద్ద మిడతలు కొరికేస్తాయి. కిటికీలకి కొట్టే సన్నని ఇనుప జాలీ అయితే నిలుస్తుంది. ఆకులు తెరకి తగలకుండా చట్రం ఎత్తుగా పెట్టి, అంచులు మట్టిలో పూడ్చాలి. గుమ్మడి, దోస, కాకర మీద మాత్రం పూత రాగానే పగలు తెర తీసెయ్యాలి, తేనెటీగ రాకపోతే పిందె నిలవదు. నాలుగు మళ్లున్నప్పుడు అన్నిటికీ కప్పక్కర్లేదు. మిడతలు ముందు ఎగబడేది మొక్కజొన్న, చిక్కుడు, ఆకుకూరల మీద. టమాటా జోలికి తక్కువ వస్తాయి.

ప్రశ్న: జీవ శిలీంధ్ర మందు మిడతలకి పనిచేస్తుందా?

జవాబు: మెటారైజియం అనే శిలీంధ్రం పనిచేస్తుంది, నెమ్మదిగా. దాని బీజాలు మిడత ఒంటికి అంటుకుని, చర్మంలోంచి లోపలికి పెరిగి చంపుతాయి. ఒకటి రెండు వారాలు ఓపిక పట్టాలి. అక్రిడం అనే రకం మిడతల జాతికే పరిమితం, అనిసోప్లియే రకం వేరే పురుగుల్నీ పడుతుంది. డబ్బా మీద ఏ రకమో చూసుకోండి. సాయంత్రం తేమ ఉన్నప్పుడు కొట్టాలి. తెగుళ్ల మందుతో కలిపితే ఆ మందు దీన్నే చంపేస్తుంది.

ప్రశ్న: గడ్డి చివర్లని కరుచుకుని, తల పైకి పెట్టి చచ్చిపోయిన మిడతలు ఐదారు కనిపించాయి. పక్కవాళ్లు ఏదైనా విషం కొట్టారేమోనని అనుమానం. తీసి పారేయమంటారా?

జవాబు: పక్కవాళ్ల తప్పేమీ అయి ఉండదు. ఎంటమోఫాగా గ్రిల్లి అనే శిలీంధ్రం సోకిన మిడతలు చివరి గంటల్లో మొక్క కొసకి ఎక్కి, కాళ్లతో కాడని కౌగిలించుకుని అలాగే చచ్చిపోతాయి. ఎత్తున ఉన్న ఆ ఒంట్లోంచి బీజాలు కింది మిడతల మీద రాలతాయి. ముట్టుకోకుండా అలాగే వదిలెయ్యండి. ఆ వారం మందులేవీ కొట్టకండి.

ప్రశ్న: జిల్లేడు మొక్క మీద పసుపు, నీలం చారల మిడత ఉంటే మా బాబు పట్టుకున్నాడు. చేతి మీద ఏదో చిమ్మింది. విషమా?

జవాబు: అది జిల్లేడు మిడత. జిల్లేడు ఆకుల్లోని విషాన్ని ఒంట్లో దాచుకుని, ముట్టుకుంటే చిమ్ముతుంది. చెయ్యి సబ్బుతో కడిగితే చాలు. కంట్లో పడితే మాత్రం ధారగా నీళ్లతో కడిగి డాక్టరుకి చూపించండి. జిల్లేడు దొరికినంతకాలం కూరమొక్కల మీదికి పెద్దగా రాదు. వస్తే చేతికి తొడుగు వేసుకుని తియ్యండి.

ప్రశ్న: ఆకుపచ్చగా, ముందు కాళ్లు జోడించి దండం పెట్టినట్టుండే మిడతని కూడా చంపాలా?

జవాబు: వద్దమ్మా, వద్దు. అది మిడత కాదు, గొల్లభామ. ఆకు ముట్టదు, పురుగుల్నే తింటుంది. కొన్నిచోట్ల మిడతని కూడా గొల్లభామ అనే పిలవడంతో ఈ గందరగోళం వస్తోంది. ముందు కాళ్లకి ముళ్లుండి, తలని ఇటూ అటూ తిప్పి నిన్నే చూస్తుంటే దాన్ని వదిలెయ్యి.

ప్రశ్న: మా తోటలో ఇన్ని మిడతలు పెరిగితే, వార్తల్లో చూపించే దండులాగా అయిపోతాయా? రాత్రి నిద్ర పట్టడం లేదు.

జవాబు: నిశ్చింతగా పడుకోండి. దండు కట్టే గుణం మిడతల్లో కొద్ది రకాలకే ఉంది. ఒంటరి మిడతా దండు మిడతా ఒకే జాతికి రెండు రూపాలని 1921లో బోరిస్ ఉవరోవ్ అనే కీటక శాస్త్రవేత్త చెప్పేదాకా అవి వేర్వేరు పురుగులనే అనుకున్నారు. ఒకచోట ఇరుక్కుని ఒకదానికొకటి రాసుకుంటూ తిరిగితేనే ఆ మార్పు మొదలవుతుంది. పెరట్లో కనిపించే మామూలు రకాలు ఎన్ని పెరిగినా అలా మారవు.

ప్రశ్న: నేను ఐదో తరగతి చదువుతున్నాను. మా అమ్మ రోజూ మిడతల్ని సబ్బు నీళ్లలో వేస్తోంది. నాకు చాలా బాధగా ఉంది. అన్నిటినీ చంపాలా ఆంటీ?

జవాబు: అన్నిటినీ చంపక్కర్లేదు నాన్నా. నీకు బాధ కలగడం మంచిదే, నాకూ కలుగుతుంది. ఒక్కో మొక్కకి ఒకటి రెండు మిడతలుంటే మొక్క తట్టుకుంటుంది, పిట్టలకీ తొండలకీ తిండి ఉండాలి కదా. లేత నారు మీద, మొక్క తట్టుకోలేనన్ని ఉన్నప్పుడే అమ్మ తియ్యాల్సి వస్తోంది. ఆ పని తగ్గించడానికి నువ్వు సాయం చెయ్యొచ్చు. పొద్దున్నే అమ్మతో తోటలోకి వెళ్లి, మిడత వీపు మీద చూడు. రెక్కల చోట ఏమీ లేదా, గోరంత మొగ్గల్లాంటివి ఉన్నాయా, పొట్ట చివరిదాకా రెక్కలు వచ్చేశాయా? మూడు గళ్లు గీసి ఏ గడిలో ఎన్నో రోజూ రాసిపెట్టు. మొదటి గడి నిండుతున్న వారమే వేపగింజల కషాయం కొట్టమని అమ్మకి చెప్పు. అప్పుడు బకెట్‌లోకి వెళ్లేవి చాలా తగ్గుతాయి. ఇంకొకటి, మిడత చెవి ఎక్కడుంటుందో తెలుసా? తల మీద కాదు, రెక్క కింద, పొట్ట మొదలయ్యే చోట పక్కన సన్నని పొరలాగా ఉంటుంది. పెద్ద మిడత దొరికితే మెల్లగా రెక్క ఎత్తి చూసి, బొమ్మ గీసి నాకు పంపు. వచ్చే సంచికలో వేస్తాను.